కబ్ద్‌కు నేను మోసిన వార్తలు

శుక్రవారం మధ్యాహ్నాలు సబ్హాన్‌లో మా గోడౌన్ వెనక గదిలో కొంతమందిమి కలిసి భోంచేస్తాం. అందరం కడప, అన్నమయ్య జిల్లాల వాళ్ళమే. కువైట్‌కు కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరైనా మా మధ్య కూర్చుంటే చాలు, సగం భోజనంలో ఎవరో ఒకరు నా కథ ఎత్తుకుంటారు.

"ఈయప్పను మామూలోడనుకోవద్దండి. ఇరాక్ యుద్ధానికి ముందర, కబ్ద్ ఎడార్లో గొర్రెలు మేపుకునే మనోడు ఒకడుంటే, వాన్ని భద్రంగా ఇంటికి పంపిచ్చి, వాని బదులు తాను పోయి యుద్ధమంతా ఆ గొర్రెల మధ్యన కూచున్యాడు."

"నిజమా అన్నా?" అని కొత్తవాళ్ళు అడుగుతారు. నేను పళ్ళెంలోకి చూస్తూ ఊరుకుంటాను. అది అణకువ అనుకుని ఇంకో ముక్క నా పళ్ళెంలో వేస్తారు.

ఇలా ఇరవై ఏళ్ళు దాటాయి. కథ ఏటేటా పెరుగుతోంది. మొన్న చెప్పినాయన అందులో నా చేత సైనికులతో వాదన కూడా పెట్టించాడు. నేను ఏ సైనికుడితోనూ మాట్లాడలేదు. ఆ మనిషిని నేను పంపలేదు, ఆపాను. ఆయనకు ప్రాణంతో సమానమైన అన్నను చివరిసారి చూసుకునే వీలు నా మూలంగానే పోయింది. జరిగింది జరిగినట్టు ఒకచోట ఉండాలని ఇది రాస్తున్నాను.

కువైట్‌లో పాతవాళ్ళు కాలాన్ని రెండు యుద్ధాలతో గుర్తుపెట్టుకుంటారు. ఇరాక్ వచ్చి ఈ దేశాన్ని ఆక్రమించినది మొదటిది. అమెరికా సైన్యం ఇక్కడినుంచి ఇరాక్ మీదికి కదిలినది రెండోది. ఆ రెండో యుద్ధానికి ముందు ఏడాది, రెండువేల రెండులో, నేను ఎగైలాలో ఒక కువైటీ ఇంట్లో డ్రైవర్ని. పెళ్ళి కాని వయసు. ఇంటర్ చదివాను, అరబ్బీ బాగానే పట్టుబడింది, కాబట్టి ఆ ఇంట్లో పనివాళ్ళందరి తరఫునా మాట్లాడేది నేనే.

మా కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, చెడ్డవాడు కాదు. మాట తక్కువ. ఆక్రమణ రోజుల్లో పెట్రోలు దొరక్క కుటుంబంతో రోడ్డు మీద ఇరుక్కుపోయిన మనిషి కనుక, ఆయన ఇంట్లో ఏ కారు ట్యాంకూ సగానికి తగ్గకూడదు. ఏ కారైనా ముక్కు గేటు వైపు పెట్టే నిలపాలి. మొదట్లో నాకు అది పెద్దమనిషి చాదస్తంగా తోచింది. ఆ ఏడాది సగం గడిచేసరికి, కారు నిలిపిన ప్రతిసారీ నేనే ఇంకోసారి వెనక్కి తిరిగి చూసుకునేవాణ్ణి.

ఆయనకు కబ్ద్‌లో జాఖూర్ ఉండేది. జాఖూర్ అంటే గొర్రెల దొడ్డి: చుట్టూ రేకుల కంచె, ఒక నీళ్ళ ట్యాంకు, కాపరి పడుకోవడానికి ఒక రేకుల గది, చుట్టూతా ఇసుక. అక్కడ కాపరిగా ఉన్నది మా కడప వైపు మనిషే. నాకంటే పదేళ్ళకు పైగా పెద్ద. నేను ఆయన్ని అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను అబ్బీ అనేవాడు. చదువు లేదు. ఫోన్ లేదు. రేడియో ఉండేది గాని అందులో వచ్చేదంతా అరబ్బీ. ఆయనకు వచ్చిన అరబ్బీ గొర్రెలకు, మేతకు, నీళ్ళకు సరిపోయేది, అంతే. గొర్రెలను వదిలి కదలడానికి వీల్లేదు. వారానికి ఒకసారి, శుక్రవారం, నేను పికప్‌లో బార్లీ, రొట్టెలు, కూరగాయలు వేసుకుని వెళ్ళేవాణ్ణి. బండి దిగకముందే ఆయన అడిగేవాడు.

"ఏముందబ్బీ లోకంలో?"

ఊరి సంగతులు తర్వాత. ముందు లోకం. ఆయన నోట ఆ ప్రశ్న వినడం నాకు ఎంత ఇష్టమంటే, గురువారం సాయంత్రం హాల్లో టీవీ పెట్టినప్పుడు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, ఆయనకు ఏం చెప్పాలా అని ఏరుకునేవాణ్ణి. నాకు అర్థం కాని అరబ్బీని వంటక్క విప్పి చెప్పేది. ఆమె రాయచోటి ముస్లిం. చాలాకాలంగా ఆ ఇంట్లో వంట చేస్తోంది.

జనవరిలో యూరప్‌లో పన్నెండు దేశాలు ఒకే డబ్బు వాడటం మొదలుపెట్టాయని చెప్పాను.

"పన్నెండు దేశాలా! మా ఊర్లో రెండు ఈదులోళ్ళు ఒక బోరు వాడుకోలేక తలకాయలు పగలగొట్టుకునిరి" అన్నాడు గొర్రెల అన్న.

మే నెలలో ఎక్కడో సముద్రం నడుమ కొత్త దేశం ఒకటి పుట్టిందంటే, దేశాలు ఇంకా పుడతాండాయా అని చాలాసేపు ఆశ్చర్యపోయాడు. జూన్‌లో ప్రపంచ కప్ ఫుట్‌బాల్. మా పక్క దేశం సౌదీని జర్మనీ ఎనిమిది గోల్స్‌తో ఓడించింది. మా ఇంట్లో పిల్లలు భోజనం కూడా చేయలేదు.

"ఎనిమిదా? గోల్ కాడ ఎవురూ లేరా?"

"ఉన్నాడన్నా."

"ఉన్యాడా! ఉంటే వాని మొగం ఒకతూరి సూడాల. ఈ పోతును నిలబెట్టింటే రెండన్నా ఆపుండు" అని పక్కనున్న గొర్రెపోతు వీపు చరిచాడు.

ఇలాంటివి చెప్పేవాణ్ణి. చెప్పనివి వేరే ఉన్నాయి.

ఆ జనవరి చివర్లోనే అమెరికా అధ్యక్షుడు ఒక ప్రసంగంలో మూడు దేశాలను చెడ్డ దేశాలుగా పేరుపెట్టి చెప్పాడు. అందులో ఇరాక్ ఒకటి. ఆ రాత్రి భోజనాల దగ్గర కఫీల్ తల్లి చేతిలో ముద్ద అలాగే పట్టుకుని కూర్చుందని వంటక్క చెప్పింది. ఆ శుక్రవారం నేను కబ్ద్‌లో ఆ సంగతి ఎత్తలేదు. ఫిబ్రవరి ఆఖర్లో, మార్చిలో మన దేశంలోనే ఒక రాష్ట్రంలో మనుషులు మనుషులను చంపుకున్నారు. వంటక్క రెండు రోజులు మాలో ఎవరితోనూ మాట్లాడలేదు. అదీ చెప్పలేదు. ఎండాకాలంలో మన సైన్యం, పాకిస్తాన్ సైన్యం సరిహద్దులో ఎదురెదురుగా నిలిచినప్పుడు మాత్రం కొంచెం చెప్పాను. "రోంత గొడవగా ఉందన్నా, సర్దుకుంటుంది" అన్నాను.

ఇక్కడ మా వాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకు చెడ్డ కబురు ఉన్నది ఉన్నట్టు చెప్పరు. ఊళ్ళో ఎవరైనా చనిపోతే, ఇక్కడ ఉన్న కొడుక్కో తమ్ముడికో ఫోన్‌లో "రోంత బాగలేదు" అంటారు. దూరాన ఒంటరిగా ఉన్నాడు, ఏమైనా చేసుకుంటాడేమో అని భయం. "బాగలేదు" అంటే ఆస్పత్రిలో ఉన్నారని అర్థం. "ఒకతూరి వచ్చిపో" అన్నారంటే ఇక అంతా అయిపోయిందని అర్థం. ఎంత అడిగినా "ఏమీ కాలేదు, నువ్వు రా" అనే చెప్తారు. ఇటునుంచి అటూ అంతే. ఇక్కడ కాలు విరిగినవాడు ఇంటికి బెణికింది అని చెప్తాడు. మేమంతా ఈ భాషలోనే పెరిగాం. ఎవరు ఏ మాట అంటే ఎంత కలిపి వినాలో మాకు తెలుసు.

అందుకే ఆ రోజుల్లో నన్ను ఎవరైనా అడిగితే, ఎడారిలో ఒంటరిగా ఉన్న మనిషిని భయపెట్టడం ఎందుకని యుద్ధం మాట చెప్పలేదు అనేవాణ్ణి. శుక్రవారం భోజనాల్లో కథ చెప్పేవాళ్ళు కూడా ఈ ముక్కను చాలా మెచ్చుకుంటారు.

అది నిజం కాదు.

జూన్‌లో గొర్రెల అన్నకు సెలవు వచ్చింది. రెండేళ్ళు నిండాయి, ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, మళ్ళీ వేయించాలి. కఫీల్ నన్ను పిలిచి, అతను ఇంటికి పోయి వస్తాడా, ఇక్కడే ఉండి ఆ సెలవు వచ్చే ఏడాదికి పెట్టుకుంటాడా అడుగు అన్నాడు. నేను తల ఊపి తిరిగేలోపు ఇంకో మాట అన్నాడు.

"అతను పోతే, ఇంకొకడు దొరికేదాకా గొర్రెల దగ్గర నువ్వుంటావు."

అంతకుముందు వేసవిలో గొర్రెల అన్నకు జ్వరమొస్తే కొన్నాళ్ళు నేను ఆ రేకుల గదిలో ఉన్నాను. పగలు రేకు మీద చెయ్యి వేయలేం. గాలి లేస్తే అన్నంలో ఇసుక. మాట్లాడటానికి ఒక్క ప్రాణి లేదు. మూడో రోజుకు నేను గొర్రెలతో ఇంగ్లీషులో మాట్లాడుతున్నానని గమనించుకుని నాకే భయమేసింది. మళ్ళీ అక్కడికి పోకుండా ఉండటానికి నేను ఏమైనా చేసేవాణ్ణి.

ఆ శుక్రవారం కఫీల్ మాట చెప్పాను. గొర్రెల అన్న నీళ్ళ తొట్టి గట్టు మీద కూర్చుని ఆలోచించాడు. ఆయనకు తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోయారు. పెద్దన్నే పెంచాడు. గొర్రెల మంద ఇద్దరిదీ. పెద్దన్న పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడికి చేశాడు గాని ఆ భార్య కాన్పులో పోయింది. లోకంలో ఆయనకంటూ ఉన్నది ఆ పెద్దన్న ఒక్కడే.

"పోవాలనే ఉండాది. మా పెద్దోడు ఒక్కడే మందతో సస్తాండాడు. అయినా ఇంగొక ఏడు ఆగితే పైసలతో పోవచ్చు." నా మొహం చూశాడు. "నువ్వు టీవీ సూస్తావు గదా. ఈడ యుద్ధం గిద్ధం ఏమన్నా వస్తాదంటారా? వచ్చేదుంటే ఇప్పుడే పోతా. మళ్ళ ఇరుక్కుంటే మా వాన్ని సూడలేను."

సరిగ్గా అదే అడిగాడు. అన్నను చూడలేకపోతానేమో అన్నది తప్ప ఆయనకు వేరే భయం లేదు.

"యుద్ధమా? ఎవరన్నారన్నా? అదేం లేదు" అన్నాను.

"అయితే ఉంటాలే. మీ బాబాతో చెప్పు."

బాబా అంటే కఫీలే. చెప్పాను, సరేనన్నాడు. ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

జూలైలో మన వైపు వాన మొహం చాటేసింది. ఊళ్ళకు ఫోన్ చేసిన ప్రతివాడూ అదే చెప్పేవాడు. గొర్రెల అన్న తరఫున వాళ్ళ ఊరి ఫోన్ బూత్‌కు నేనే ఫోన్ చేసేవాణ్ణి; బూత్ అతను పెద్దన్నను పిలిపించేవాడు. మేత లేక మంద అమ్మేశారు. ఆగస్టు తర్వాత పెద్దన్న గొంతులో దగ్గు వినపడింది. సెప్టెంబరులో బూత్ అతను, పెద్దన్న పక్కన లేనప్పుడు, అసలు సంగతి చెప్పాడు. కడప పెద్దాస్పత్రిలో ఊపిరితిత్తులు చూశారట. ముందు క్షయ అన్నారట. తర్వాత అది కాదు, అంతకంటే చెడ్డది అన్నారట.

ఆ శుక్రవారం, "పెద్దన్నకు రోంత జలుబు చేసిందంట" అన్నాను.

గొర్రెల అన్న మేత వేస్తున్నవాడు ఆగాడు. "జలుబేనా?"

"జలుబే."

ఇంకేమీ అడగలేదు. మా భాషలో ఆ మాట ఎంత పెద్దదో ఆయనకు తెలుసు. నాకూ తెలుసు.

అక్టోబరులో ఫైలకా దీవిలో శిక్షణలో ఉన్న అమెరికా సైనికుల మీద ఇద్దరు కాల్పులు జరిపారు. అప్పటిదాకా టీవీలో ఉన్న యుద్ధం వీధిలోకి వచ్చినట్టయింది. అదే నెలలో ఇండోనేషియాలో ఒక దీవిలో బాంబులు, మాస్కోలో ఒక నాటకశాలలో జనాన్ని బందీలుగా పట్టుకోవడం. వంటక్క అరబ్బీ వార్తలు చెప్పడం మానేసింది. "ఏం చెప్పేది తమ్ముడూ, అన్నీ ఒక్క మాటే" అనేది. మామా, అంటే కఫీల్ భార్య, వంటింటి వెనక గదిలో బియ్యం, నీళ్ళ సీసాలు పేర్పించింది. విషవాయువు లోపలికి రాకుండా కిటికీలకు అంటించే వెడల్పు టేపు తెప్పించింది. చివరి కిటికీ దాకా సరిపోతుందా అని నాతో కొలిపించింది.

"ఏముందబ్బీ లోకంలో?" అని గొర్రెల అన్న అడుగుతూనే ఉన్నాడు. తర్వాత తనే అన్నాడు: "పెద్దరోడ్డు మీద ఈ వారమంతా ఇసక రంగు లారీలు పోతాండాయి. ఒకదాని ఎనక ఒకటి. గొర్లు బెదిరి మూలకు పోయి నిలబడుకుంటాండాయి. ఏందవి?"

"ఏటేటా చేసే కవాతులే అన్నా."

"పోయినేడు సూడలేదే."

"పోయినేడు ఇంకో దావలో పోయినాయి."

ఇంత సులువుగా అబద్ధం వస్తుందని నాకు అంతకుముందు తెలియదు.

నవంబరులో, రంజాన్ నెల మొదట్లో, కఫీల్ ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతుంటే విన్నాను. సైన్యం ఎడారి దారులు మూసేస్తుందేమో, కబ్ద్ వైపు పోనిస్తారో లేదో అంటున్నాడు. దారి మూస్తే ఆ మనిషి అక్కడే ఉండిపోతాడు. వంటక్కకు అంతా చెప్పేశాను.

ఆమె చేతిలో గరిటె పక్కన పెట్టింది. "ఆయప్పకు యుద్ధం సంగతి తెలీదా? ఇన్ని నెల్లూ నువ్వు ఏం చెప్తాంటివి?"

"ఫుట్‌బాల్."

"సిగ్గులేదా నీకు? రేప్పొద్దున పో. అన్నీ చెప్పి ఇంటికి పోతావా అని అడుగు. గొర్రెల కాడ నువ్వుంటావో నేనుంటానో తర్వాత సూద్దాం."

పొద్దున్నే వెళ్ళాను. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. కాని యుద్ధం వస్తుంది అని చెప్పాలంటే, జనవరి నుంచీ నాకు తెలుసు అని కూడా చెప్పాలి. జూన్‌లో ఆయన అడిగినప్పుడు తెలిసే లేదన్నానని చెప్పాలి. దాన్ని పక్కన పెట్టి వేరే మాట ఎత్తాను.

"అన్నా, ఒకతూరి ఇంటికి పోయి రాగూడదా?" అన్నాను.

ఆయన నన్ను చూశాడు.

"యాల?"

"ఊరికే. ఏమీ కాలేదు. ఒకతూరి చూసి వస్తే మేలు కదా అని."

"సర్లే అబ్బీ. నువ్వు పో" అన్నాడు మెల్లగా. బార్లీ మూటలు తనే దించుకున్నాడు. నన్ను ముట్టుకోనివ్వలేదు. పోనీలే, ఆలోచిస్తున్నాడు అనుకుని వచ్చేశాను. నేను ఏ మాట వాడానో, అది ఆయన చెవిన ఎలా పడిందో అప్పుడు నాకు తట్టలేదు. మా వాళ్ళలో ఎవరికైనా తట్టాల్సిన సంగతి.

మరుసటి శుక్రవారం వెళ్ళేసరికి గుండుతో ఉన్నాడు. పక్క జాఖూర్‌లో పనిచేసే బంగ్లాదేశ్ అతను గొర్రెల బొచ్చు కత్తిరించే కత్తెరతో కత్తిరించి, ఆపైన బ్లేడుతో గీశాడట. నెత్తి మీద రెండు చోట్ల తెగింది. రేకుల గది ముందు మూడు రాళ్ళు పెట్టి, వాటి మీద ఇంత అన్నం పెట్టి ఉంది. ఇక్కడ కాకులు రావు. అన్నం మీద ఇసుక పేరుకుంది.

బండిలోంచే అరిచాను.

"అన్నా, ఇదేందన్నా! పెద్దన్న బతికే ఉన్నాడు!"

"ఉంటాడులే" అన్నాడు. నన్ను ఓదారుస్తున్నట్టు అన్నాడు.

"ఒట్టు. మొన్ననే ఫోన్‌లో మాట్లాడినా."

"మాట్లాడింటావు. మా మామ సచ్చిపోయినప్పుడు, కూలి పనికి బొంబాయిలో ఉండే వాని కొడుక్కు నేను గూడ ఇట్నే చెప్పినా. ఇప్పుడే టీ తాగి పండుకున్యాడు అని చెప్పినా. నువ్వు మంచోడివి అబ్బీ. ఇంగ దాపెట్టొద్దు."

అప్పుడు చెప్పాను. యుద్ధం వస్తోందని, లారీలు కవాతువి కావని, యుద్ధం సంగతులన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆయన విన్నాడు. చివరికి కొంచెం నవ్వాడు.

"నన్ను పంపిచ్చేదానికి యుద్ధం గూడ తెచ్చినావా? అంత అవసరం లేదులే. నేను పోను. ఇంగ ఎవురి కోసం పోవాల? ఆడ మంద లేదు, వాడు లేడు. ఈ గొర్లు నయం."

ఏడాదంతా ఆయనకు నేను తీయటి వార్తలే పోశాను. ఇప్పుడు నిజం చెప్తే, అది నా అబద్ధాలన్నిటికంటే పెద్ద అబద్ధంలా ఆయనకు వినపడింది.

వంటక్కే ఉపాయం చెప్పింది. గొంతు వినిపించు అంది. కబ్ద్‌లో ఫోన్ సరిగా అందదు. జాఖూర్ వెనక మట్టిదిబ్బ మీద పికప్ నిలిపి, దాని పైకెక్కితే కాస్త అందుతుంది. రంజాన్ పండుగ వెళ్ళిన తర్వాతి శుక్రవారం పెద్దన్నను బూత్ దగ్గర ఉండమని, గుండు సంగతి కూడా చెప్పి, కబురు పంపాను. ఆ వారంలోనే ఇరాక్ అధ్యక్షుడు కువైట్ ప్రజలకు క్షమాపణ చెప్తున్నట్టు ఒక సందేశం టీవీలో చదివారు. మా ఇంట్లో అందరూ నిలబడి విన్నారు. వంటక్క నా చెవిలో చెప్పింది: "క్షమించమంటాండాడు. ఆ మాట ఎనకాల్నే మళ్ళ బెదిరిచ్చాండాడు." కఫీల్ "ఖలాస్" అని టీవీ కట్టేశాడు. ఇంటి వెనక నిలిపిన కార్లన్నీ ఒకసారి చూసి రమ్మన్నాడు.

శుక్రవారం పికప్ పైకెక్కి నేనే నంబరు కలిపాను. పెద్దన్న ఎత్తాడు. ముందు నాతో మాట్లాడాడు. మాట కంటే దగ్గే ఎక్కువ.

"సామీ, వానికి నా రోగం సంగతి చెప్పినావా?"

"లేదు పెద్దన్నా."

"చెప్పొద్దు. వాడు పరిగెత్తుకుని వస్తాడు. వచ్చి ఏం జేస్తాడు? ఈడ గడ్డి పరక లేదు. ఉండు, రోంత నీల్లు తాగి మాట్లాడతా. దగ్గు వినపడకూడదు."

ఆయన నీళ్ళు తాగేదాకా ఆగాను. తర్వాత గొర్రెల అన్నను పైకి లాగి ఫోన్ చేతికిచ్చాను. ఆయన చెవికి పెట్టుకుని, ఒక్క క్షణం విని, నా వైపు తిరిగాడు.

"టేపు. బతికున్నప్పుడు పట్టి పెట్టినారు."

ఫోన్‌లోంచి వచ్చిన అరుపు నాకూ వినపడింది.

"టేపు నీ తలకాయ! నేను సస్తినని గుండు గీయించుకున్యావంట గదరా గాడిదా! నేను పోతే ఈడ ఏమి మిగిలింటాదని అంత తొందర? ఒక పాత దుప్పటి ఉండాది. అది కావాల్నా?"

గొర్రెల అన్న పికప్ పైనే కూలబడ్డాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. "పెద్దోడా, పెద్దోడా" అని మాత్రం అంటున్నాడు. కాసేపటికి తేరుకుని అడిగాడు.

"నీకు బాగలేదంట గదా?"

"జలుబు."

"ఈయబ్బి యుద్ధం వస్తాదంటాండాడు. నేను వచ్చేదా?"

అవతలినుంచి ఏమన్నాడో నాకు వినపడలేదు. ఈయన మాత్రం "ఊ... ఊ... సరే... నువ్వు చెప్పినట్టే" అన్నాడు. ఫోన్ నాకిచ్చి, చెక్కిళ్ళు తుడుచుకుని, తేటగా ఉన్న మొహంతో చెప్పాడు.

"వద్దంటాండాడు. జలుబేనంట. వచ్చే ఏడు సెలవుకే రమ్మన్యాడు. యుద్ధం వస్తే రానీ. వాడు బతికుండాడు, అది సాలు."

పక్కనే ఉన్నాను. ఊపిరితిత్తుల సంగతి నాకు తెలుసు. నీళ్ళు తాగి దగ్గు ఆపుకున్న సంగతి తెలుసు. ఇప్పుడు చెప్తే నమ్మేవాడు. అన్న గొంతు విన్నాడు, నా మాట మీద మళ్ళీ కాస్త గురి కుదిరింది. ఒక్క మాట చాలు. కాని పెద్దన్నే వద్దన్నాడు కదా అనుకున్నాను. అలా అనుకోగానే నాకు ఎంత తేలికగా అనిపించిందో నాకు గుర్తుంది. ఆ తేలికదనం పెద్దన్న మాట కోసం కాదు. రేకుల గదికి నేను పోనక్కర్లేదు, అందుకు.

"మంచిదన్నా" అన్నాను.

ఆ ఏడాది అలా ముగిసింది. ఐక్యరాజ్య సమితి తనిఖీవాళ్ళు ఆయుధాల కోసం ఇరాక్‌లో తిరుగుతున్నారు. సైరన్లు మోగించి చూస్తున్నారు. తెలిసినవాళ్ళలో కొందరు ఊళ్ళకు వెళ్ళిపోయారు.

కొత్త సంవత్సరం వచ్చిన కొన్నాళ్ళకు ఒక పొద్దున బూత్ అతను నా సెల్‌కు ఫోన్ చేశాడు. "పెద్దాయనకు రోంత సీరియస్‌గా ఉండాది..." అన్నాడు.

"పోయినాడా?" అన్నాను.

"ఔ" అన్నాడు.

అది శుక్రవారం కాదు. పికప్‌లో మేత లేదు. నా బండి చూసి గొర్రెల అన్న చేతులు దులుపుకుంటూ వచ్చాడు. ఆయన నోరు తెరిచేలోపు నేను చెప్పేశాను.

"అన్నా, పెద్దన్న చచ్చిపోయినాడు. ఈ పొద్దున. జలుబు కాదు. ఊపిరితిత్తులు పాడైనాయి. నాకు సెప్టెంబరు నుంచి తెలుసు."

ఈసారి నమ్మాడు. కంచె రేకు పట్టుకుని నిలబడ్డాడు. నేను ఇల్లు చేరగానే వంటక్క మామాకు చెప్పింది, మామా కఫీల్‌కు చెప్పింది. దేశం విడిచి పోయేవాళ్ళతో విమానాలు నిండిపోతున్న రోజులు. అయినా కఫీల్ ఎవరెవరికో ఫోన్లు చేసి టికెట్ తెప్పించాడు. దహనం అయిపోతుంది, పెద్దకర్మకు అందుతాడు. టికెట్ నా చేతికిచ్చి, "యల్లా, అతన్ని దింపి నువ్వు కబ్ద్‌కు పో" అన్నాడు. నేను త్యాగం చేసి వెళ్ళానని చెప్పుకునే ప్రయాణం ఇదే.

వెళ్ళే ముందు ఆయన నాకు మందను అప్పగించాడు. ఏ గొర్రె ఈనబోతోంది, ఏది పక్కదాని మేత లాక్కుంటుంది, నల్లచెవిదాని కాలికి మందు ఎప్పుడు పూయాలి, అన్నీ వరసగా చూపించాడు. తిట్టలేదు. నా మొహం మాత్రం చూడలేదు.

ఎయిర్‌పోర్టు దారిలో ఎదురుగా సైన్యం లారీలు వస్తూనే ఉన్నాయి. బండి ఆపాక సంచీ తీసుకుని దిగి, కిటికీ దగ్గరకు వచ్చి వంగాడు.

"ఆ పొద్దు ఫోన్‌లో, నాకు చెప్పొద్దని వాడు నీతో అన్యాడా?"

నాకు ప్రాణం లేచొచ్చింది. "అన్నాడన్నా. ఆయనే అన్నాడు. ఒట్టు పెట్టి మరీ అడిగాడు" అన్నాను. ఒట్టు పెట్టలేదు. అది నేను కలిపాను.

ఆయన తల ఊపాడు.

"వాడు చెప్పొద్దనే అంటాడు. వాడు నా అన్న. నువ్వెవురు?"

నా జవాబు కోసం నిజంగానే ఆగాడు. వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి. తర్వాత సంచీ భుజాన వేసుకుని లోపలికి పోయాడు. బండి తీయమని పోలీసు చేత్తో సైగ చేశాడు. తీశాను.